డిస్క్ నిండి లినక్స్ లేవకపోతే: ఫార్మాట్ కొట్టించే ముందు

పాస్‌వర్డ్ కరెక్టే. ఎంటర్ కొట్టగానే స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి, మళ్లీ అదే లాగిన్ పేజీ వచ్చి కూర్చుంటుంది. ఇంకోసారి కొడితే ఇంకోసారి అదే. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెప్పాలి కదా, అదీ చెప్పదు. కొన్ని మెషీన్లలో లాగిన్ పేజీ దాకా కూడా రాదు, నల్లటి తెర మీద ఎడమ మూల ఒక గీత మిణుకుమంటూ ఉంటుంది, అంతే. తిరుపతిలో బాలాజీ కాలనీ హాస్టల్ గదిలో లాప్‌టాప్ అయినా, ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు డీటీపీ సెంటర్లో పాత డెస్క్‌టాప్ అయినా ఇలా కాగానే సర్వీసు షాపుకు మోసుకెళ్తారు. అక్కడ మామూలుగా వినిపించే మాట ఒకటే: ‘ఓఎస్ కరప్ట్ అయిందన్నా, ఫార్మాట్ కొట్టేద్దాం.’

నిజంగా కరప్ట్ అయిందో లేదో చూసేవాళ్లు తక్కువ. ఇలా కావడానికి గ్రాఫిక్స్ డ్రైవరు కారణం కావచ్చు, సగంలో ఆగిన అప్‌డేట్ కావచ్చు, కానీ అన్నిటికన్నా ముందు చూడాల్సింది, రెండు నిమిషాల్లో తేలిపోయేది డిస్క్‌లో చోటు ఉందా లేదా అన్నది. చోటు లేక ఆగిన మెషీన్‌లో ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. సిస్టమ్ చెడిపోలేదు, కొత్తగా ఏదైనా రాసుకోవడానికి జాగా లేక నిలబడిపోయింది. ఫార్మాట్ కొడితే లేస్తుంది, అందులో అనుమానం లేదు. కాకపోతే ఆ చోటంతా తినేసింది ఎవరో తెలియకుండా పోతుంది, కొన్నాళ్లకు మళ్లీ అదే షాపు, మళ్లీ అదే మాట. పోయిన ఫోటోలు, ప్రాజెక్టు రిపోర్టులు మాత్రం తిరిగి రావు.

ఈ సమస్య ఈమధ్య ఎక్కువమందికి తగలడానికి వీలుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11 ఎక్కని పాత లాప్‌టాప్ చేతిలో ఉన్నవాళ్లకు మిగిలిన దారుల్లో ఉబుంటు, లినక్స్ మింట్ లాంటి లినక్స్ రకాలు (విండోస్ బదులు వేసుకునే ఓఎస్‌లు) ఉన్నాయి. అయితే మొత్తంగా మారడానికి ధైర్యం చాలక, ఉన్న విండోస్‌ను అలాగే ఉంచి పక్కన ఒక 30 జీబీ ముక్క (పార్టిషన్) కోసి అందులో లినక్స్ వేసుకుంటారు. ఉబుంటు కనీసం 25 జీబీ కావాలంటుంది, మింట్ 20 జీబీతో సరిపెట్టుకుంటానంటుంది గానీ 100 ఉంటే మంచిదని అదే చెబుతుంది. 30 జీబీ అంటే ఇన్‌స్టాల్ చేసిన రోజు బ్రహ్మాండంగా ఉంటుంది. ఆర్నెల్లు పోయాక చూడాలి.

లాగిన్ అవడానికి డిస్క్‌లో చోటు ఎందుకు?

సందేహం న్యాయమైనదే. లోపలికి వెళ్లడమే కదా, రాసేదేముంది? ఉంది. డెస్క్‌టాప్ తెరుచుకునే ఆ రెండు మూడు సెకన్లలో తెర వెనక చాలా రాత పని జరుగుతుంది. హోమ్ ఫోల్డరులో ఎక్స్అథారిటీ అనే చిన్న ఫైలు, టెంప్ ఫోల్డరులో రకరకాల తాత్కాలిక ఫైళ్లు, సెట్టింగులు దాచే డీకాన్ఫ్ డేటాబేసు, సెషన్ ఎర్రర్లు రాసుకునే లాగ్, ఇలా. వీటిలో ఏదైనా ఒకటి రాయబోయి, లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ నుంచి ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అన్న జవాబు వస్తే (లినక్స్ ఎర్రర్ల పట్టికలో దీని నంబరు 28) ఒక్కో ప్రోగ్రాము ఒక్కోలా ప్రవర్తిస్తుంది. కొన్ని ఓర్చుకుని ముందుకెళ్తాయి, కొన్ని చెప్పాపెట్టకుండా చచ్చిపోతాయి. సెషన్ నడిపించే ముఖ్యమైన ప్రోగ్రామే చచ్చిపోతే ‘సరే, లాగౌట్ అయ్యారు కాబోలు’ అనుకుని లాగిన్ పేజీ మళ్లీ ముఖం చూపిస్తుంది. పాస్‌వర్డ్ తప్పని చెప్పకపోవడానికి కారణం అదే, పాస్‌వర్డ్ నిజంగానే ఒప్పుకుంది.

మరి అదే డిస్క్ మీద బూట్ అంతా సాఫీగా ఎలా జరిగింది? ఇక్కడే ఈ కథలో అసలు కీలకం ఉంది. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) తయారయ్యేటప్పుడే 5 శాతం చోటు రూట్ అనే సర్వాధికారాలున్న యూజరు కోసం పక్కన పెట్టేస్తుంది. 30 జీబీ పార్టిషన్‌లో అది ఒకటిన్నర జీబీ. మామూలు యూజర్లకు డిస్క్ నిండిపోయినా రూట్ పేరుతో నడిచే సర్వీసులకు ఆ ఒకటిన్నర జీబీ ఇంకా అందుబాటులో ఉంటుంది. అందుకే మెషీన్ లేస్తుంది, నెట్‌వర్క్ వస్తుంది, లాగిన్ పేజీ వస్తుంది, మీ పేరుతో సెషన్ మొదలుపెట్టబోయేసరికి మాత్రం బోల్తా పడుతుంది. లాగిన్ పేజీని చూపించే ప్రోగ్రాముకు కూడా దాని సొంత యూజరు ఉంటుంది, అది కూడా మామూలు యూజరే. దానికీ రాత అవసరం పడిన మెషీన్లలో పేజీ కూడా రాదు, గీత మిణుకుతుంది.

అంటే మెషీన్ తలుపు మూసేసుకోలేదు, దొడ్డి తలుపు ఒకటి తెరిచే ఉంచింది. దాని గుండా వెళ్లాలి.

దొడ్డి తలుపు

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కితే బొమ్మలేవీ లేని అక్షరాల తెర వస్తుంది. చాలా లాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ మీట కూడా కలపాలి. యూజరు పేరు, పాస్‌వర్డ్ కొడితే లోపలికి రానిస్తుంది, ఎందుకంటే ఇక్కడ లాగిన్ అవడానికి రాయాల్సింది దాదాపు ఏమీ లేదు. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనిపించవు, కంగారు పడకుండా కొట్టి ఎంటర్ నొక్కాలి. లోపలికి వెళ్లాక కమాండ్ సగం రాసి ట్యాబ్ మీట నొక్కితే, కొన్ని వర్షన్లలో, ‘క్యానాట్ క్రియేట్ టెంప్ ఫైల్ ఫర్ హియర్ డాక్యుమెంట్’ అని ఒక వింత లైను వస్తుంది. అది కనిపించిందంటే డయాగ్నసిస్ అయిపోయినట్టే, పేరు పూర్తి చేయడానికి, కమాండ్లు తీసుకునే బాష్ ప్రోగ్రాముకు అవసరమైన చిటికెడు చోటు కూడా లేదని అర్థం.

ఆ తెర కూడా రాకపోతే మెషీన్ ఆన్ చేస్తూనే ఎస్కేప్ గానీ షిఫ్ట్ గానీ నొక్కితే ఏ ఓఎస్ లేపాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి రికవరీ మోడ్ ఎంచుకోవాలి. ఉబుంటు, మింట్ రెండింటిలోనూ అక్కడ ‘క్లీన్’ అని ఒక ఆప్షన్ ఉంటుంది, చోటు ఖాళీ చేయడానికి ప్రయత్నిస్తుంది, ఒక్కోసారి దాంతోనే పని అయిపోతుంది. కాకపోతే ‘రూట్’ ఎంచుకుని కమాండ్ తెరలోకి వెళ్లాలి. ఇక్కడ చాలామంది ఒక చోట బోల్తా పడతారు. రికవరీలో డిస్క్ చదవడానికి మాత్రమే తెరుచుకుని ఉంటుంది, ఫైలు తీసేయబోతే ‘రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అంటుంది, అది చూసి డిస్క్ పోయిందని నిర్ణయించేసుకుంటారు. పోలేదు. ‘మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /’ అని కొడితే రాయడానికి కూడా తెరుచుకుంటుంది. (కమాండ్లన్నీ ఇక్కడ పలికే తీరులో ఉన్నాయి, కొట్టేటప్పుడు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, గుర్తులు ఉన్నవి ఉన్నట్టు కొట్టాలి.)

లోపలికి వెళ్లాక మొదటి పని ‘డీఎఫ్ -హెచ్’. ఏ పార్టిషన్ ఎంత నిండిందో చెబుతుంది. ఉబుంటులో ఈ జాబితా చూడగానే గుండె ఆగినంత పనవుతుంది, లూప్0, లూప్1, లూప్2 అంటూ వరసగా అన్నీ 100 శాతం. వాటిని వదిలేయాలి. అవి స్నాప్ ప్యాకేజీలు, చదవడానికి మాత్రమే ఉండే గట్టి మూటలు, పుట్టుకతోనే 100 శాతం నిండి ఉంటాయి. చూడాల్సింది చివర ఒంటరిగా స్లాష్ గుర్తు ఉన్న లైను. అక్కడ అవైలబుల్ కింద సున్నా ఉండి, మొత్తం సైజులోంచి వాడింది తీసేస్తే ఇంకా ఒకటిన్నర జీబీ మిగులుతున్నట్టు లెక్క తేలితే ఆశ్చర్యపోనక్కర్లేదు, పైన చెప్పిన 5 శాతం అదే.

స్లాష్ లైనులో చోటు బోలెడు ఉందని చూపిస్తూ కూడా ‘నో స్పేస్’ అని ఏడుస్తుంటే ‘డీఎఫ్ -ఐ’ కొట్టాలి. ఇది జీబీల లెక్క కాదు, ఐనోడ్ల లెక్క. ప్రతి ఫైలుకూ, అది చిన్నదైనా పెద్దదైనా, ఒక ఐనోడ్ కావాలి. తిరుపతి శ్రీనివాసం కాంప్లెక్స్ దగ్గర దర్శనం టోకెన్లు అయిపోయాక కొండ మీద ఎంత ఖాళీ ఉన్నా ఆ రోజుకి టోకెన్ దర్శనం లేనట్టే, ఐనోడ్లు అయిపోతే డిస్క్‌లో ఎంత చోటున్నా కొత్త ఫైలు పుట్టదు. ఈఎక్స్‌టీ4 మామూలు సెట్టింగులో 16 కేబీకి ఒకటి చొప్పున ఇస్తుంది, 30 జీబీకి సుమారు 19 లక్షల 66 వేలు. మామూలు వాడకంలో అన్ని ఫైళ్లు ఎవరికీ ఉండవు. కాలేజీ ప్రాజెక్టుల కోసం ప్రతి ఫోల్డరులోనూ, వేలకొద్దీ చిన్న ఫైళ్లుండే నోడ్ మాడ్యూల్స్ దింపుకునే కంప్యూటర్ సైన్స్ పిల్లల సంగతి వేరు.

తినేసింది ఎవరు?

జూన్, జూలైల్లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నప్పుడు వేబ్రిడ్జి కంప్యూటర్ ఇలా మొండికేస్తే, మూలకారణం వెతుకుతూ కూర్చునేంత టైము ఎవరికీ ఉండదు. అలాంటప్పుడు నష్టం లేకుండా, కళ్లు మూసుకుని చేయదగినవి రెండున్నాయి. ‘సుడో ఆప్ట్ క్లీన్’ కొడితే ఇన్‌స్టాల్ కోసం దింపుకుని పెట్టుకున్న ప్యాకేజీ ఫైళ్లు పోతాయి (సుడో అంటే ఆ కమాండును రూట్ అధికారంతో నడపమని). ‘సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎం’ కొడితే సిస్టమ్ తన సంగతులన్నీ రాసుకునే డైరీ, అంటే జర్నల్, 200 ఎంబీకి కుదించుకుపోతుంది. ఈ ఎం ఒక్కటీ పెద్ద అక్షరంలో ఉండాలి. జర్నల్ మామూలుగా పార్టిషన్‌లో 10 శాతం దాకా పెరగొచ్చు, గరిష్ఠంగా 4 జీబీ. 30 జీబీ డిస్క్‌లో అంటే 3 జీబీ వరకూ అదొక్కటే. ఈ రెండు కమాండ్లతో కొన్ని వందల ఎంబీలైనా దొరుకుతాయి, రీస్టార్ట్ చేస్తే డెస్క్‌టాప్ తరచుగా వచ్చేస్తుంది. రాగానే చాలామంది ‘హమ్మయ్య’ అని వదిలేస్తారు, అసలు పని మిగిలిపోయేది అక్కడే. డిస్క్ దానంతటది నిండదు, ఎవరో రాస్తూనే ఉన్నారు. ఆ రాసేవాడు ఇంకా లోపలే ఉన్నాడు.

వాడిని పట్టుకోవడానికి కావాల్సిన కమాండ్ ‘సుడో డీయూ -ఎక్స్‌హెచ్ --మ్యాక్స్-డెప్త్=1 / | సార్ట్ -హెచ్’. ఇందులో ఎక్స్ చాలా ముఖ్యం, అది లేకపోతే లెక్కలు తీసేది మీ విండోస్ పార్టిషన్లోకి, గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి అన్నిటిలోకీ దూరిపోయి అర్థం లేని అంకెలు చూపిస్తుంది. ఒక మాదిరి ఉదాహరణ తీసుకుందాం, డీటీపీ సెంటర్లో 30 జీబీ లినక్స్. చివరి లైను మొత్తం లెక్క, దాని పైన మూడు లైన్లు: హోమ్ 5 జీబీ, యూఎస్ఆర్ 8 జీబీ, వార్ 14 జీబీ. యూఎస్ఆర్‌లో ప్రోగ్రాములుంటాయి, 8 జీబీ అంటే మామూలే. వార్‌కి 14 అంటే లెక్క తప్పింది. అదే కమాండ్‌లో చివరి స్లాష్ బదులు /వార్ అని పెట్టి మళ్లీ కొడితే లాగ్ ఫోల్డరు 11 జీబీ. దాంట్లోకి వెళ్లి ‘ఎల్ఎస్ -ఎల్‌హెచ్’ కొడితే సిస్‌లాగ్ 5 జీబీ, కెర్న్‌.లాగ్ ఇంకో 5. దొంగ దొరికాడు.

ఇక్కడ చెయ్యి దురదపెడుతుంది, వెంటనే ‘ఆర్ఎం’ కొట్టి ఆ రెండూ తీసిపారేయాలనిపిస్తుంది. రెండు కారణాల వల్ల ఆగాలి. మొదటిది, ఆ ఫైల్లో ఏముందో చూడకుండా తీసేస్తే సాక్ష్యం పోతుంది. ‘టెయిల్ -ఎన్ 20 /వార్/లాగ్/సిస్‌లాగ్’ కొడితే చివరి 20 లైన్లు కనిపిస్తాయి. లాగ్ ఇంతలా ఉబ్బిందంటే సాధారణంగా ఆ ఇరవై లైన్లూ ఒకే మాట చెబుతుంటాయి. పాత లాప్‌టాప్‌లలో తరచుగా కనిపించేది ‘పీసీఐఈ బస్ ఎర్రర్: సివియారిటీ=కరెక్టెడ్’ అనే లైను. వైఫై కార్డో, ఎస్ఎస్‌డీయో బోర్డుతో మాట్లాడటంలో చిన్న తడబాటు వస్తే హార్డ్‌వేరు తానే సరిదిద్దుకుంటుంది, సరిదిద్దుకున్న ప్రతిసారీ కెర్నల్‌కు ఫిర్యాదు రాస్తుంది. సెకనుకు ఒకటి కాదు, పదులూ వందలూ. ఉబుంటులో ఈ ఒక్క ఫిర్యాదు మూడు చోట్ల పడుతుంది: సిస్‌లాగ్‌లో, కెర్న్‌.లాగ్‌లో, జర్నల్‌లో. కంప్యూటర్ మామూలుగానే పనిచేస్తుంటుంది, వాడేవాళ్లకు ఏ తేడా తెలియదు, లోపల మాత్రం రాత్రింబవళ్లు ఒకటే మాట రాసుకుంటూ ఉంటుంది.

రెండో కారణం, ఒక ప్రోగ్రాము తెరిచి పట్టుకున్న ఫైల్ను ఆర్ఎంతో తీసేస్తే పేరు పోతుంది గానీ చోటు రాదు. ఆ ప్రోగ్రాము వదిలేదాకా డేటా డిస్క్ మీదే ఉంటుంది, పైగా ఇప్పుడు డీయూకి కూడా కనబడదు. 5 జీబీ ఫైలు తీసేశాక కూడా డీఎఫ్ అదే 100 శాతం చూపిస్తోందంటే జరిగింది ఇదే. ‘సుడో ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1’ కొడితే (రెండో ఎల్ పెద్ద అక్షరం) పేరు పోయినా పట్టు వదలని ఫైళ్ల జాబితా వస్తుంది, ఆ ప్రోగ్రామును రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగొస్తుంది. అంత దూరం వెళ్లకుండా ముందే ‘సుడో ట్రంకేట్ -ఎస్ 0 /వార్/లాగ్/సిస్‌లాగ్’ అంటే ఫైలు ఉన్నచోటే ఉండి లోపలిది మాత్రం ఖాళీ అవుతుంది. లాగ్‌ల విషయంలో ఇదే పద్ధతి.

తర్వాత ఆ ఫిర్యాదులు ఆపాలి. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్లో కెర్నల్‌కు ఇచ్చే ఆప్షన్ల లైను ఉంటుంది, అందులో ‘పీసీఐ=నోఏఈఆర్’ చేర్చి ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ కొట్టి రీస్టార్ట్ చేస్తే రాత ఆగిపోతుంది. ఇది తడబాటును బాగుచేయదు, ఫిర్యాదు నోరు మూయిస్తుంది, అంతే. కరెక్టెడ్ అని ఉన్నంతవరకూ ఫరవాలేదు. ‘పీసీఐఈ_ఏఎస్‌పీఎం=ఆఫ్’ అనే ఇంకో ఆప్షన్ కొన్ని మెషీన్లలో అసలు తడబాటునే ఆపేస్తుంది, బ్యాటరీ కొంచెం త్వరగా అయిపోతుంది. ముందు రెండోది ప్రయత్నించి, అది పనిచేయకపోతే మొదటిదానికి రావడం మంచిది.

మింట్ వాడేవాళ్లకు ఇంకో అనుమానితుడున్నాడు, టైమ్‌షిఫ్ట్. మొదటిసారి డెస్క్‌టాప్ తెరుచుకున్నప్పుడే సిస్టమ్ స్నాప్‌షాట్లు పెట్టుకోమని మింట్ సలహా ఇస్తుంది, మంచి సలహానే. దాచే చోటు మళ్లీ అదే 30 జీబీ అయినప్పుడే చిక్కు. మొదటి స్నాప్‌షాట్ దాదాపు సిస్టమ్ అంత ఉంటుంది, తర్వాతివి మారిన ఫైళ్లు మాత్రమే తీసుకుంటాయి, మారనివి హార్డ్ లింకులతో (ఒకే డేటాకు ఇంకో పేరు తగిలించి) పంచుకుంటాయి. అందువల్ల ఒక స్నాప్‌షాట్ తీసేస్తే ఆశించినంత చోటు రాకపోవచ్చు, నిరాశపడకుండా పాతవి రెండు మూడు తీయాలి. ఫోల్డరును చేత్తో తుడిచేయొద్దు, ‘సుడో టైమ్‌షిఫ్ట్ --లిస్ట్’ చూసి ‘--డిలీట్’తో తీయాలి. ప్రోగ్రాములను మూటలుగా తెచ్చుకునే స్నాప్, ఫ్లాట్‌ప్యాక్, డాకర్‌ల సంగతి కూడా ఇంతే, పాత వర్షన్లు, ఎవరూ వాడని రన్‌టైమ్‌లు, ఆపేసిన కంటైనర్లు పోగుపడతాయి. చివరి రెండింటికీ ‘ఫ్లాట్‌ప్యాక్ అన్‌ఇన్‌స్టాల్ --అన్‌యూజ్డ్’, ‘డాకర్ సిస్టమ్ ప్రూన్’ చాలు. చెత్తబుట్ట సంగతి అందరికీ తెలిసినట్టే ఉంటుంది గానీ, డెస్క్‌టాప్‌లో డిలీట్ కొట్టిన ఫైలు హోమ్‌లోని దాగుడు ఫోల్డరుకు వెళ్తుందే తప్ప డిస్క్ నుంచి పోదని మర్చిపోయేవాళ్లు ఎంతమందో.

కనబడని 12 జీబీ

అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది ఇది. డీఎఫ్ 29 జీబీ వాడారంటుంది. డీయూ ఎంత కూడినా 17 దాటదు. ఎల్ఎస్ఓఎఫ్‌లో ఏమీ లేదు. మిగతా 12 ఎక్కడ?

పెళ్లిళ్ల సీజన్లో తిరుచానూరు, తిరుపతి కల్యాణ మండపాల చుట్టూ తిరిగే ఫోటో స్టూడియోల్లో ఇది జరగడానికి మంచి అవకాశం ఉంది. కెమెరా ఇచ్చే ‘రా’ ఫోటో ఫైలు ఒక్కోటి పాతిక, ముప్పై ఎంబీ, పెళ్లికి వేలల్లో. రాత్రి పూట వాటిని ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కు ఎక్కించే చిన్న స్క్రిప్టు ఒకటి పెట్టుకుంటారు, డ్రైవ్ /ఎంఎన్‌టీ/బ్యాకప్ అనే ఫోల్డరు మీద మౌంట్ అవుతుంది, అంటే ఆ ఫోల్డరు తెరిస్తే డ్రైవ్‌లోని ఫైళ్లు కనిపిస్తాయి. ఒకరోజు ఆల్బమ్ డిజైనరుకు చూపించాలని కుర్రాడు డ్రైవ్ పీకి పట్టుకెళ్తాడు. రాత్రి స్క్రిప్టు మామూలుగానే లేస్తుంది, /ఎంఎన్‌టీ/బ్యాకప్ ఉందా అంటే ఉంది, ఫోల్డరు ఎక్కడికీ పోలేదు కదా, డ్రైవ్ పోయింది. ఫోటోలన్నీ ఆ ఉత్త ఫోల్డరులోకి, అంటే లినక్స్ ఉన్న డిస్క్‌లోకే పోసేస్తుంది. మర్నాడు డ్రైవ్ తిరిగి తగిలిస్తే ఆ ఫోల్డరు మీద కప్పేసినట్టవుతుంది. కింద ఉన్న 12 జీబీ ఎవరికీ కనబడదు, డీయూకి కూడా.

తీసి చూడటానికి మార్గం సులువే. ‘సుడో ఎంకేడిర్ /ఎంఎన్‌టీ/చూపు’, ఆ తర్వాత ‘సుడో మౌంట్ --బైండ్ / /ఎంఎన్‌టీ/చూపు’ (పేరు ఏదైనా పెట్టుకోవచ్చు, ఇంగ్లీషు అక్షరాల్లో). ఈ కొత్త దారిలోంచి చూస్తే పైన కప్పిన మౌంట్‌లేవీ ఉండవు, అడుగున ఉన్న డిస్క్ ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. /ఎంఎన్‌టీ/చూపు/ఎంఎన్‌టీ/బ్యాకప్‌లో ఫోటోలుంటాయి. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో అవి ఉన్నాయో లేదో సరిచూసుకుని, లేనివి అక్కడికి జరిపి, అప్పుడు తీసేయాలి. తొందరపడి ముందే తుడిస్తే ఆ ముహూర్తం మళ్లీ రాదు. స్క్రిప్టు మొదట్లో ‘మౌంట్‌పాయింట్ -క్యూ /ఎంఎన్‌టీ/బ్యాకప్ || ఎగ్జిట్ 1’ అన్న ఒక్క లైను పెట్టుకుంటే డ్రైవ్ లేని రోజు అది నోరు మూసుకుని పడుకుంటుంది.

/బూట్ వేరే పార్టిషన్‌గా ఉన్నవాళ్లకు, ముఖ్యంగా డిస్క్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నవాళ్లకు, గొడవ ఇంకో రకంగా వస్తుంది. స్లాష్‌లో బోలెడు చోటు, అర జీబీ /బూట్ మాత్రం పాత కెర్నళ్లతో నిండిపోతుంది. కొత్త కెర్నల్ అప్‌డేట్ మధ్యలో చోటు చాలక, బూట్ మొదట్లో డిస్క్ తెరవడానికి కెర్నల్ వాడే ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ ఫైలు తయారవకుండానో, సగం తయారయ్యో ఆగుతుంది. రీస్టార్ట్ చేస్తే లాగిన్ సంగతి దేవుడెరుగు, ‘కెర్నల్ పానిక్, అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్’ అని మొదట్లోనే నిలబడుతుంది. చూడటానికి భయంకరంగా ఉంటుంది గానీ బాగుచేయడం తేలిక. గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద పాత కెర్నల్ ఎంచుకుంటే లేస్తుంది, ‘సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్’తో అవసరం లేని కెర్నళ్లు పోతాయి, ఆ తర్వాత ‘సుడో డీప్యాకేజీ --కాన్ఫిగర్ -ఏ’తో సగంలో ఆగిన పని పూర్తవుతుంది. ఇక్కడ డీప్యాకేజీ అంటే డీ, పీ, కే, జీ నాలుగక్షరాలే. చేత్తో తీసేయాల్సి వస్తే ముందు ‘యూనేమ్ -ఆర్’ కొట్టి ఇప్పుడు నడుస్తున్నది ఏదో చూసుకోవాలి, దాన్ని ముట్టుకోకూడదు.

చోటు ఖాళీ చేశాక కూడా లాగిన్ తిరిగి తిరిగి అక్కడికే వస్తుంటే హోమ్‌లో ‘ఎల్ఎస్ -ఎల్ఏ’ కొట్టి .ఎక్స్అథారిటీ ఫైలు (ఎక్స్ పెద్ద అక్షరం) చూడాలి. డిస్క్ నిండిన సమయంలో రాయబోయి సున్నా బైట్లతో మిగిలిపోయి ఉండొచ్చు, లేదా కంగారులో ఎవరో సుడోతో డెస్క్‌టాప్ లేపబోతే దాని యజమాని రూట్ అయిపోయి ఉండొచ్చు. దాని పేరు మార్చేస్తే చాలు, తర్వాతి లాగిన్‌లో కొత్తది పుడుతుంది.

ఫెడోరా అనే ఇంకో రకం లినక్స్ వాడేవాళ్లకు ఈఎక్స్‌టీ4 లెక్కలు సరిగ్గా వర్తించవు, 2020లో వచ్చిన ఫెడోరా 33 నుంచి వర్క్‌స్టేషన్‌లో బీటీఆర్ఎఫ్ఎస్ అనే వేరే ఫైల్ సిస్టమ్ డిఫాల్టు. అక్కడ డీఎఫ్‌ను పూర్తిగా నమ్మకుండా ‘సుడో బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్ యూసేజ్ /’ చూడాలి. స్నాప్‌షాట్ పట్టుకున్న ఫైలు తీసేసినా చోటు రాదు, ముందు స్నాప్‌షాట్ పోవాలి.

చోటు బాగానే ఉంది, ఐనోడ్లూ ఉన్నాయి, అయినా రాయనివ్వడం లేదంటే అప్పుడు మాత్రం నిజంగా టెన్షన్ పడాల్సిందే. ‘సుడో డీమెసేజ్’ (డీ, ఎం, ఈ, ఎస్, జీ) కొట్టి చూస్తే ‘ఐ/ఓ ఎర్రర్’, ‘రీమౌంటింగ్ ఫైల్‌సిస్టమ్ రీడ్ ఓన్లీ’ లాంటివి కనిపిస్తే అది డిస్క్ జబ్బు, కరెంటు కోతలకు హఠాత్తుగా ఆగి ఆగి అలసిన పాత హార్డ్‌డిస్క్‌లలో మరీనూ. ఏదీ తుడవొద్దు, సరిచేసే ప్రయత్నాలూ వద్దు, లైవ్ పెన్‌డ్రైవ్‌తో (లినక్స్ నేరుగా అందులోంచే నడిచేది) లేపి ముందు డేటా బయటికి తీసుకోవాలి.

మళ్లీ నిండకుండా /ఈటీసీ/సిస్టమ్‌డీ/జర్నల్‌డీ.కాన్ఫ్‌లో ‘సిస్టమ్‌మ్యాక్స్‌యూజ్=200ఎం’ పెట్టుకోవచ్చు (సిస్టమ్, మ్యాక్స్, యూజ్‌ల మొదటి అక్షరాలు, చివరి ఎం పెద్ద అక్షరాలు), ఇంట్లో వాడే మెషీన్‌కు అంతకుమించి జర్నల్ అక్కర్లేదు. ‘ట్యూన్2ఎఫ్ఎస్ -ఎం 1’తో ఆ 5 శాతాన్ని ఒక శాతానికి తగ్గించుకోమని ఇచ్చే సలహా ఒకటి బాగా చలామణీలో ఉంది. ఫోటోలు మాత్రమే దాచే పెద్ద డేటా పార్టిషన్‌కైతే సరే, అక్కడ రూట్‌కు పనేమీ లేదు. లినక్స్ ఉన్న పార్టిషన్ మీద మాత్రం చెయ్యి పెట్టకపోవడమే మేలు. 30 జీబీలో దాంతో దొరికేది 1.2 జీబీ, అది వారంలో నిండిపోతుంది, తర్వాత దొడ్డి తలుపు కూడా 0.3 జీబీ సందంత అయిపోతుంది.

అన్నీ శుభ్రం చేశాక కూడా నాలుగైదు జీబీలకు మించి ఖాళీ కనబడకపోతే ఇక 30 జీబీయే చాలడం లేదని ఒప్పుకోవాలి. ముక్క పెంచడానికి ముందు విండోస్‌లోకి వెళ్లి అక్కడి డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే దాని పార్టిషన్ కుదించాలి, బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉంటే దాని రికవరీ కీ ముందే రాసి పెట్టుకోవాలి, ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. తర్వాత లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి పార్టిషన్లు మార్చే జీపార్టెడ్‌లో లినక్స్ పార్టిషన్‌ను ఆ ఖాళీలోకి పెంచాలి. ఖాళీ చోటు లినక్స్ పార్టిషన్‌కు కుడి పక్కన ఉంటే నిమిషాల్లో పని, ఎడమ పక్కన ఉంటే డేటా మొత్తం జరగాలి గనక గంటలు పట్టొచ్చు, మధ్యలో ఆగిపోతే ఫైల్ సిస్టమ్ ముక్కలవుతుంది. అందుకని ముందు బ్యాకప్ తీసి, లాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉంచి చార్జరు కూడా తగిలించి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉన్నప్పుడే మొదలుపెట్టాలి.